శుక్రవారం సంతకం

కోవిల్‌పట్టి,
మార్చి 9.

ప్రియమైన అన్నకి,

రుక్మణి నమస్కారాలు. వదిన మోకాళ్ళ నొప్పి ఎలా ఉంది? ఇక్కడ ఎండలు అప్పుడే మొదలయ్యాయి, అందరం బాగానే తిరుగుతున్నాం. బాగాలేనిది ఒక్కటే. అది రాయడానికే కూర్చున్నాను.

మంచి నడత గురించి పిల్లలకి పది నిమిషాలు మాట్లాడమన్నారన్నా నన్ను. ఈ నెలాఖరుకి నా ఉద్యోగం అయిపోతోంది కదా. బడి పిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టే కేంద్రాన్ని ఇరవై రెండేళ్ళు నడిపానని సభ పెడతారట, శాలువా కప్పుతారట. మా హెడ్మాస్టర్ పాండియరాజన్ సారు, "ఆ మాట చెప్పడానికి మీకంటే ఎవరున్నారమ్మా ఈ ఊళ్ళో?" అన్నారు. మూడు రోజులు కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను. ఒక్క వాక్యం రాలేదు. దానికి బదులు ఈ ఉత్తరం వచ్చింది.

ఫోన్ చేయొచ్చు కదా అంటావు. ఫోన్లో అయితే నువ్వు రెండో మాటకే "సరేలే రుక్కూ, పడుకో" అంటావు. పైగా ఈ అరవ ఊళ్ళో పెరిగిన మా ఇంట్లోవాళ్ళందరికీ తెలుగు మాట్లాడటం వచ్చు, చదవడం మాత్రం ఎవరికీ రాదు. నాన్న మగ్గం పక్కన కూర్చోబెట్టి మనిద్దరికీ దిద్దబెట్టిన అక్షరాలు చివరికి దాచిపెట్టుకోవడానికి పనికొస్తున్నాయి, చూడు.

ఊళ్ళో నా పేరు నీకు తెలుసు. రుక్మణి అబద్ధమాడదు. రుక్మణి శుక్రవారం పొద్దుగూకేదాకా పచ్చి మంచినీళ్ళు ముట్టదు. రుక్మణి పెళ్ళికెళ్ళినా ఒక అరటిపండు ఒలుచుకుని వచ్చేస్తుంది కానీ బయట తినదు. అత్తలు కోడళ్ళకి నన్ను చూపించి బుద్ధులు చెప్తారు. అమ్మ కూడా "పరుల చేతి కూడు ముట్టని పిల్ల" అని మురిసిపోయేది, నీకు గుర్తుందా? మంచి నడత అంటే మనింట్లో అదే. నేనూ అదే అనుకుని అరవై ఏళ్ళు వచ్చేదాకా బతికేశాను.

మా కేంద్రంలో ఒక పద్ధతి ఉంది. వంట అయ్యాక, పిల్లలకి పెట్టే ముందు, నడిపేవాళ్ళు ఒక ముద్ద తినాలి. అరగంట ఆగాలి. ఒంట్లో ఏమీ తేడా లేకపోతే పుస్తకంలో సంతకం చెయ్యాలి. అప్పుడే గంట కొట్టాలి. మొదటి పదకొండేళ్ళు వండినావిడ మన వీధి మనిషే. శుక్రవారాలు తప్ప రోజూ తిన్నాను, సంతకం పెట్టాను. ఆవిడ మానేశాక సీనియమ్మాళ్ వచ్చింది. కాలనీ నుంచి వచ్చింది. ఎవరి కాలనీయో నీకు వేరే చెప్పక్కర్లేదు. ఆ రోజు నుంచి నేను తినలేదు, సంతకం మాత్రం రోజూ పెట్టాను. రెండూ పక్కపక్కన రాస్తే తప్ప ఇది ఉపవాసాల సంగతి కాదని నీకూ అర్థం కాదు, నాకూ అర్థం కాలేదు.

వాళ్ళింట్లోనూ తెలుగే. మన మాటకంటే పాతగా, మొరటుగా ఉంటుంది, అయినా తెలుగే. వంటింట్లో మేమిద్దరం ఆ మాటలోనే కబుర్లు చెప్పుకునేవాళ్ళం. అక్కా అని పిలిచేది. సాంబారు దించగానే గరిటె పట్టుకుని గుమ్మం దాకా వచ్చి "ఉప్పు సూడక్కా" అనేది. "నీ చేతికి తెలీదా ఉప్పు?" అనేదాన్ని నేను. ఆమె నవ్వి గరిటె వెనక్కి తీసుకునేది. మెచ్చుకున్నానని నవ్వుతోందనుకునేదాన్ని.

ఆరేళ్ళ కిందట ఒక శుక్రవారం. ఆమె గుమ్మంలోకి వచ్చి, "అక్కా, నూనె వాసన ఒక మాదిరిగా ఉండాది. నాకి జలుబు, నాలిక్కి ఏమీ తెలీడం లే. ఒక్క మెతుకు నోట్లో ఏసుకుని సూడు" అంది. నేను వాకిట్లోనే నిలబడి, "పిల్లలు ఆకలితో ఉన్నారు, పెట్టెయ్" అని సంతకం గీకేశాను. మూడింటికల్లా ఇరవై ముగ్గురు పిల్లలకి వాంతులు. పెద్దాసుపత్రికి ఆటోల్లో, బైకుల మీద మోసుకెళ్ళాం. దేవుడి దయ, రెండో రోజుకి అందరూ ఇల్లు చేరారు. ఊళ్ళో పెద్దావిడ ముత్తుప్పేచ్చి మనవడికి మాత్రం రెండు సీసాల సెలైన్ ఎక్కించాల్సి వచ్చింది.

సోమవారం బడి వరండాలో విచారణ. పై ఆఫీసు నుంచి ఒక అధికారి వచ్చాడు. పిల్లల తల్లిదండ్రులు చుట్టూ నిలబడ్డారు. కాలనీ వాళ్ళని గేటు బయటే ఆపేశారు. "మీరు రుచి చూశారా?" అని అడిగాడాయన. "చూశాను సార్, సంతకం ఉంది. నేను తిన్నప్పుడు బాగానే ఉంది" అన్నాను. అంటే తప్పు ఆ తర్వాత జరిగిందని, ఆమె చేతిలో జరిగిందని. అప్పుడు సీనియమ్మాళ్ నా వైపు తిరిగి మన మాటలో అంది, "అక్కా, అది శుక్రవారమక్కా. నీవు నోట్లో నీళ్ళు గూడా పోసుకోలే. సెప్పక్కా."

కాలనీ వాళ్ళు గేటు బయట ఉన్నారు, మన వీధి పిల్లలెవరూ ఆ బడిలో చదవరు, అక్కడ తెలుగు తెలిసింది మా ఇద్దరికే. అధికారి "ఏమంటోంది?" అని నన్నడిగాడు. "తెలియక తప్పు జరిగిపోయిందట, మన్నించమంటోంది సార్" అన్నాను అరవంలో. తడుముకోలేదన్నా. అచ్చం అనువాదం చేసినట్టు చెప్పాను. ఆమెకి అరవం బాగా వచ్చు. విన్నది. నా మొహం చూసింది, మళ్ళీ నోరు తెరవలేదు. భయంలో పాపం అరవం మరిచిపోయి ఇంటి మాట వచ్చేసింది, అదే నా అదృష్టం అనుకున్నాను.

సాయంత్రం కాళియమ్మ గుడి మెట్టు మీద సూడం వెలిగించారు. వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో అణిచి ప్రమాణం చెయ్యడం ఇక్కడి పద్ధతి, నీకు తెలుసు. సీనియమ్మాళ్ అణిచింది. "నా చేతుల్లో కల్మషం లేదు" అంది. చెయ్యి తీసేసరికి చర్మం లేచిపోయింది. "పొద్దున మన్నించమని ఏడ్చి, సాయంత్రం సత్యం చేస్తోంది చూడు" అన్నారు జనం. నా వంతు వచ్చింది. నేను ముందుకి వెళ్ళబోతుంటే ముత్తుప్పేచ్చి చెయ్యి అడ్డం పెట్టింది. "రుక్మణికి సూడం ఎందుకు? ఆమె మాటే సత్యం" అంది. నేను వెనక్కి తగ్గాను.

నిజం చెప్పి చెయ్యి కాల్చుకున్నదాన్ని ఎవరూ నమ్మలేదు. అబద్ధమాడినదాన్ని నిప్పు దగ్గరికే రానివ్వలేదు. ఆమె ఉద్యోగం పోయింది. ఆ తర్వాత ఏ పెళ్ళివాళ్ళూ ఆమెని వంటకి పిలవలేదు. ఏడాదికి ఊరు విడిచిపోయింది. ఇప్పుడు మీ విరుదునగర్‌లోనే, మిరపకాయల గోదాముల వెనక వీధిలో ఉంటోందట. తొడిమలు తీసే పని. మా దగ్గర ఇప్పుడు వండే పంచవర్ణం ఆమెకి చుట్టం, తనే చెప్పింది.

ఆమెకి చదువు రాదు. కానీ మన మాట వస్తుంది. నువ్వు వెళ్ళి ఈ ఉత్తరం ఆమె ముందు కూర్చుని చదువు. ఏమీ తగ్గించకు. ఆమె ఏమందో నాకు రాయి. నన్ను రమ్మంటే వస్తాను. ఆమె వండింది ఆమె ముందు కూర్చుని తింటాను. అంతకంటే ఏం చెయ్యాలో నాకు తెలియడం లేదు.

నీ చెల్లెలు,
రుక్మణి.


విరుదునగర్,
మార్చి 17.

చిరంజీవి రుక్మణికి,

అన్న రంగరాజన్ ఆశీస్సులు.

నీ ఉత్తరం చదవగానే నేను చేసిన మొదటి పని, దాన్ని మీ వదినకి కూడా చూపించకుండా బీరువాలో పెట్టి తాళం వెయ్యడం. రెండో పని, నీకు జవాబు రాయడం. "కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది. పదిహేను రోజులు నోరు మూసుకుంటే గౌరవంగా ఇంటికొస్తావు, పెన్షన్ వస్తుంది, నీ కూతురు జోతికి అత్తారింట్లో తలవంపులుండవు" అని రెండు పేజీలు రాసి కవరు అంటించాను. అది పోస్టు చెయ్యలేదు. అమ్మ నిన్ను మెచ్చుకున్న మాట రాశావే, అక్కడ మనసు పట్టుకుంది. ఆ మాటతో నన్ను కూడా మెచ్చుకుంది అమ్మ.

నిన్న ఆదివారం వెళ్ళాను. వీధంతా మిరప ఘాటు. నేను తుమ్ముకుంటూ వెళ్ళేసరికి ఆమె గడపలో కూర్చుని ఉంది. "కోవిల్‌పట్టి రుక్మణి అన్నని" అన్నాను. లేచి నిలబడింది. కూతురు సెల్వరాణిని పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆ పిల్ల వీధి చివరికి పరుగెత్తి అంగట్లోంచి మూత తియ్యని నీళ్ళ సీసా తెచ్చి నా ముందు పెట్టింది. కాఫీ ఇస్తే ఏమని తప్పించుకోవాలా అని నేను దారంతా ఆలోచించుకుంటూ వెళ్ళాను, రుక్కూ. ఆమె నాకు ఆ కష్టం కూడా లేకుండా చేసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

చదివాను. ఏమీ తగ్గించలేదు. మధ్యలో రెండుసార్లు దగ్గు వచ్చి ఆగమంది. భయంలో అరవం మరిచిపోయింది, అదే నా అదృష్టం అని నువ్వు రాసిన చోటికి రాగానే చెయ్యెత్తింది. "మళ్ళా సదువు సామీ" అంది. మళ్ళీ చదివాను. నవ్వింది.

"అరవం మరిచిపోతినా? పుట్టినకాడ్నించి అరవంలోనే తిట్లు తింటుండా, అదెట్ల మరిచిపోతాను?" అంది. "తెలిసే మన మాటలో సెప్తిని సామీ. అరవంలో సెప్పింటే అంత మందికీ అర్తమయ్యుండు. అక్క పరువు ఆడ్నే పోయుండు. నలుగురి ముందర ఆమెని ఎందుకు నిలబెట్టాల? ఆమె సెవిలోనే ఏస్తాము, ఆమే సెప్పేస్తుంది, ఆమె అబద్దం ఆడదు గదా అనుకుంటిని. ఊరు నమ్మినట్టే నేనూ నమ్మితిని."

"మరి ఆ తర్వాతైనా అరవంలో చెప్పొచ్చు కదమ్మా" అన్నాను.

"మన్నించమని అడిగేసినదాన్ని గదా సామీ నేను. అక్కే అడిగిపెట్టింది నా పేరు సెప్పి. ఇంక నా మాట ఎవరు ఇంటారు?"

సెల్వరాణి అప్పటిదాకా తలుపు దగ్గర నిలబడి ఉంది. "మామా, ఒక్కటి రాయండి ఆమెకి" అంది. "ఈ దినానికీ అమ్మ వండినాక మాకు పెట్టదు. తాను ఒక ముద్ద తిని గడియారం చూస్తా అరగంట కూకుంటాది. ఆకలని మేము అరిచినా పెట్టదు. మా ఇంట్లో సంతకం పెట్టే పుస్తకం లే, అంతే." ఆ పిల్ల ఏడుస్తూ చెప్పలేదు. కోపంగా చెప్పింది.

నిన్ను రమ్మనమంటావా అని అడిగాను. ఆమె అరచెయ్యి రుద్దుకుంది. మచ్చ ఇంకా ఉంది. తర్వాత చెప్పింది. ఆమె మాటలు ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"ఇప్పుడు రావద్దను. నా కూడు తిని పాపం కడుక్కుని పోవాలనుకుంటుండాదేమో. నా వంటిల్లు దానికి లే. నన్ను ఏ మాటలో మన్నించమనిపించిందో ఆ మాటలో సెప్పమను. ఏ వరండాలో సెప్పిందో ఆ వరండాలో. సెప్పినాక రమ్మను, రాకపోనీ, అది ఆమె ఇష్టం."

ఇక్కడ "నీ ఇష్టం" అని రాసి ముగించబోయాను. అది కూడా తప్పించుకోవడమే. ఆ వరండాలోనే చెప్పు, రుక్కూ. నేను ఆ ఇంట్లో సీసా నీళ్ళే తాగి వచ్చాను. చెంబుతో ఇవ్వమని అడగడానికి నోరు రాలేదు. నీకు బుద్ధి చెప్పే అన్న ఇట్లాంటివాడు.

నీ అన్న,
రంగరాజన్.


కోవిల్‌పట్టి,
మార్చి 27.

సీనియమ్మాళ్‌కి,

రుక్మణి రాసుకునేది. ఈ ఉత్తరం కూడా అన్నే చదివి వినిపిస్తాడు. ప్రియమైన అని మొదలుపెట్టి కొట్టేశాను. ఆ మాట రాయడానికి నేనింకా ఏమీ చెయ్యలేదు.

నిన్న బడిలో సభ అయింది. అదే వరండా. అధికారి కూర్చున్న చోటే నాకు కుర్చీ వేశారు. శాలువా కప్పారు. సారు నన్ను పొగుడుతున్నంతసేపూ నువ్వు అన్నకి చెప్పిన మాటలే చెవిలో తిరిగాయి. నీకు అరవం రాకపోయి కాదు, నా పరువు కాపాడటానికి తెలుగులో చెప్పావు. ఆరేళ్ళు నేను దాన్ని నా అదృష్టం అనుకుని తిరిగాను. ఊరంతా నాకు మంచి నడత ఉందంటుంటే, అది ఉన్న మనిషి మిరపకాయల తొడిమలు తీస్తూ దగ్గుతోంది.

మైకు ఇచ్చారు. మంచి నడత గురించి రాసుకొచ్చింది ఏమీ లేదు. లేచి అరవంలో చెప్పాను. "ఆరేళ్ళ కిందట పిల్లలు జబ్బుపడిన రోజు నేను రుచి చూడలేదు. చూడకుండా సంతకం చేశాను. నూనె వాసన తేడాగా ఉందని సీనియమ్మాళ్ చెప్పినా పెట్టెయ్యమన్నది నేనే. ఆమె మన్నించమని అడగలేదు. అది నేను కల్పించి చెప్పాను. ఆమె చేతి వంట నేను ఐదేళ్ళు తినలేదు, ఎందుకో మీ అందరికీ తెలుసు."

ఏమైందో తెలుసా? చప్పట్లు కొట్టారు.

నువ్వు నమ్మవు కానీ నిజంగా కొట్టారు. పాండియరాజన్ సారు కళ్ళు తుడుచుకుని మైకు తీసుకున్నారు. "చూశారా పిల్లలూ, పనిలోంచి పోయిన ఒక పేదరాలికి మంచి పేరు రావాలని ఆ నింద తన మీద వేసుకుంటోంది అమ్మ. గొప్ప మనసంటే ఇది" అన్నారు. ఒకావిడ వచ్చి నా కాళ్ళకి దండం పెట్టబోయింది. నీ చెయ్యి కాలినా నిన్ను నమ్మలేదు. నా నోటితో నేనే చెప్పినా నన్ను నమ్మడం లేదు. ఇంత పేరు ఎందుకు కూడబెట్టుకున్నానా అనిపించింది.

ఇంకో మాట చెప్పినా అంతే అవుతుంది, నా గొప్పతనానికే జమ అవుతుంది. అప్పుడు, ఆరేళ్ళ కిందట నువ్వు అక్కడే నాతో అన్న మాటే దారి చూపించింది. ముందు వరసలో ముత్తుప్పేచ్చి కూర్చుని ఉంది. సారు చేతిలోంచి మైకు లాక్కున్నాను. లాక్కున్నాను అంటే నిజంగానే. "అత్తా, మీ మనవణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్ళారే, అది ఏ వారం?" అని అడిగాను.

ఆవిడ వెంటనే చెప్పింది. "శుక్రవారం. కాళియమ్మకి దీపం పెట్టడానికి పోతుంటే కదా కబురొచ్చింది."

"శుక్రవారం నేను తింటానా, అత్తా?"

నా శుక్రవారాల గురించి ఈ ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. ఇరవై ఏళ్ళుగా వాళ్ళే కోడళ్ళకి చెప్తున్నారు. ఆరేళ్ళ కిందట ఆ వరండాలో నిలబడి నేను శుక్రవారం నాడు తిన్నానని చెప్తుంటే వాళ్ళంతా విన్నారు, ఒక్కరికీ అనుమానం రాలేదు. అది ఇప్పుడు ఒక్కొక్కళ్ళకీ తడుతోంది. సారు శాలువా వైపు చూశారు. దాన్ని తీసి కుర్చీ మీద పెట్టేశాను.

ముత్తుప్పేచ్చి లేచి నా దగ్గరికి వచ్చింది. కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా బాగుండేది. "ఆ దినం నీకు సూడం వద్దన్నది నేను కదే" అంది. "నా మనవణ్ణి ఆసుపత్రికి మోసుకెళ్ళిన చేతులతో నీకు అడ్డం నిలబడితినే." ఇంకేమీ అనకుండా గేటు దాటి వెళ్ళిపోయింది. ఆమె వెనకే ఒకళ్ళొకళ్ళే అందరూ వెళ్ళిపోయారు.

తర్వాత సారు గదిలో కూర్చుని అంతా అరవంలో రాసి సంతకం పెట్టాను. ఒకటి పై ఆఫీసుకి పంపారు. ఒకటి ఈ కవర్లో ఉంది, బడి ముద్ర వేయించాను. ఎవరికి చూపించుకున్నా సరే, అందరికీ అర్థమవుతుంది. సెల్వరాణికి ఇవ్వు, భద్రంగా పెడుతుంది. నా మీద ఏం చర్య తీసుకుంటారో తెలియదు. జోతి నిన్నటి నుంచి నాతో మాట్లాడటం లేదు. "అరవై ఏళ్ళ పేరు ఒక్క పూటలో పారబోసుకున్నావు" అంది, అంతే. భయంగానే ఉంది. లేదని రాస్తే మళ్ళీ అబద్ధమవుతుంది.

నీ వంటింటి గురించి నువ్వన్నది నిజమే. కూడు తిని కడుక్కుందామనే అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు, అది కడిగితే పోయేది కాదు. చెప్పాక రావడం నా ఇష్టం అన్నావు కాబట్టి అడుగుతున్నాను.

వచ్చే శుక్రవారం పొద్దున బస్సుకి వస్తాను. ఉపవాసం ఉండను, ఆకలితో వస్తాను. నువ్వు పెడితే, అరగంట ఆగమన్నా ఆగి, తింటాను. పెట్టకపోతే గడపలో కాసేపు కూర్చుని తిరుగు బస్సెక్కుతాను. నా కోసం సీసా నీళ్ళు మాత్రం తెప్పించకు.

రుక్మణి.